మూడు వేల గుమ్మాలు

మా మామ్మ మూడు రోజులు అన్నం ముట్టని ఆ డిసెంబరు మాట మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ ఎత్తరు. తప్పు నాది కాబట్టి నేనే చెప్పాలి.

రెండు వేల రెండో సంవత్సరం. నాకప్పుడు ఇరవై ఒకటి. టాటానగర్ సీతారాండేరాలో కూర్మారావు గారి డీటీపీ షాపులో కంప్యూటర్ మీద కూర్చునేదాన్ని. నవంబరు వచ్చిందంటే మాకు కేలండర్ల సీజన్. దేవుళ్ళందరి కాపురం మా హార్డ్ డిస్కులోనే. లక్ష్మీదేవి పాదాల కింద సిమెంటు దుకాణం పేరు, వినాయకుడి బొజ్జ పక్కన టైర్ల కంపెనీ ఫోన్ నంబరు. చేసీ చేసీ ఏ దేవుడు ఎటు చూస్తాడో కళ్ళు మూసుకుని చెప్పగలిగేదాన్ని.

అలాంటి రోజుల్లో సీతారామరావు గారు షాపుకొచ్చారు. ఆయన పెద్ద ఇంజనీరు, సోనారిలో ఉంటారు, ఊళ్ళోని తెలుగువాళ్ళ మిత్రమండలికి అధ్యక్షులు.

"కూర్మారావు గారూ, ఈసారి దేవుళ్ళు వద్దండీ. మా ఒక్క ఇంట్లోనే తొమ్మిదిమంది వేంకటేశ్వరస్వాములు వేలాడుతున్నారు. మనవైపుది, చూడగానే మనది అనిపించేది ఏదైనా వెయ్యండి. మూడు వేల కాపీలు. టాటానగర్‌లో ప్రతి తెలుగింటికీ పంచుతాం" అన్నారు.

కూర్మారావు గారు బుర్ర గోక్కున్నారు. నేను మానిటర్ వెనక నుంచి తల పైకెత్తి, "సార్, మా ఇంట్లో ఒకటుంది" అన్నాను. ఆ నోరు అప్పుడే మూసుకుని ఉండాల్సింది.

మా ఇల్లు గోవింద్‌పూర్‌లో, రెండు గదులు. నాన్న పేరు సూర్యం, కాంట్రాక్టు వెల్డరు. అమ్మ ఆ నెల మా పిన్ని పురుడని శ్రీకాకుళం వెళ్ళింది. ఇంట్లో ఉన్నది నేనూ, నాన్నా, మామ్మ జోగమ్మ. మామ్మది సీతంపేట కొండల మీది సవర గూడెం. వెనక గదిలో ఒక గోడకి ఏటా ఎర్రమట్టి పూసి, బియ్యప్పిండి కలిపి, కొసని నమిలి మెత్తచేసిన వెదురు పుల్లతో బొమ్మ గీస్తుంది. చుట్టూ చతురస్రంగా కంచె గీతలు. లోపల వరస కట్టి ఆడే మనుషులు, నెమళ్ళు, కోతులు, సూర్యుడు, చంద్రుడు. తాత ఎక్కొచ్చిన రైలు, తాత డ్యూటీకి తొక్కిన సైకిలు, సోనారి విమానాశ్రయంలో లేచే చిన్న విమానం కూడా ఉంటాయి. తాతకి విమానమంటే మహా సరదాట. నడిమధ్యన గొడుగు కింద కూర్చుని, ఎప్పుడో పోయిన మా తాత.

మామ్మ దాన్ని బొమ్మ అనదు, ఇల్లు అంటుంది. "ఇల్లు పాతబడిపోనాది, పూత వెయ్యాల" అంటుంది. మేమంతా అదో మాట అనుకునేవాళ్ళం. పక్క క్వార్టరులోని కస్తూరమ్మ గారు ఒకసారి చూసి, "ముగ్గు నేల మీద వెయ్యాలి గానీ గోడకేమిటమ్మా" అంటే, మర్నాడే నాన్న దానికి అడ్డంగా పూల తెర కట్టేశాడు. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో ఆయనకి తెలియదు.

ఆ ఏడు కూడా మామ్మ ఇల్లు గీసింది. కొత్త కందికాయలు బజారులోకి దిగాయేమో చూసొస్తానని ఒక పొద్దున్న సంచి పట్టుకుని వెళ్ళింది. నేను షాపు డిజిటల్ కెమెరా తెచ్చి, తెర తప్పించి, ఆరు ఫోటోలు తీసుకున్నాను. ఆమెని అడగాలన్న ఆలోచనే రాలేదు. గోడ మాది, మామ్మ మాది, ఇంక అడిగేదేముంది అనుకున్నాను.

వారం రోజులు ఒళ్ళు మరిచిపోయి పనిచేశాను. ఫోటో మీద మౌసుతో గీతలు లాగి, ప్రతి బొమ్మనీ విడదీసి, ఒక్కోటీ ఒక్కో లేయర్ మీద పెట్టాను. ఒక ఆటగత్తెని కాపీ కొట్టి పదిమందిని చేశాను. పన్నెండు నెలలకి పన్నెండు పేజీలు, ప్రతి పేజీలో గొడుగు కింద తాత. సీతారామరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మరీ చూశారు. "ఇదమ్మా కావలసింది" అన్నారు. కూర్మారావు గారు సీడీ రాయించి బిష్టుపూర్‌లో ప్రెస్సుకి పంపేశారు. గురువారం అచ్చుకి ప్లేట్లు చేస్తామన్నారు వాళ్ళు.

సోమవారం సాయంత్రం ప్రూఫు కాగితాలు చుట్టి ఇంటికి తెచ్చాను. మామ్మ కందికాయలు ముందేసుకుని ఒలుస్తోంది. ఆమె ముందు నేల మీద పరిచాను.

"ఇదేటే గుంటా?"

"కేలండర్, మామ్మా. నీ బొమ్మే! దేఖో నా, కిత్నా సుందర్ హై! ఎంత బాగుందో చూడు!"

మామ్మకి చదువు రాదు, లెక్క వచ్చు. ఒక్కో కాగితం మీదా వేలు పెట్టుకుంటూ వెళ్ళింది. పన్నెండో దాని దగ్గర వేలు ఆగిపోయింది.

"పన్నెండు చోట్ల కూకోబెట్టినావు మీ తాతని."

"కాపీ చేశాను. ఒక్క నొక్కు నొక్కితే చాలు, వచ్చేస్తుంది."

"ఈ కాయితాలేనా, మరేటైనా ఉన్నాయా?"

"ఇవి ఊరికే చూసుకోడానికి. అసలువి మూడు వేలు. ఊళ్ళో ప్రతి తెలుగింటికీ వెళ్తాయి" అన్నాను. గర్వంగానే అన్నాను, అబద్ధమెందుకు.

మామ్మ ఒడిలో పొట్టు దులుపుకుంది. "మూడేల గుమ్మాలు" అంది మెల్లగా.

"అంటే?"

"అది ఇల్లమ్మా. గీసి పిలిత్తే ఆడొచ్చి కూకుంటాడు. ఏడాదికోపాలి కొత్త కంది పెడితే తిని సల్లగుంటాడు. ఇప్పుడు నువ్వు మూడేల గుమ్మాల్లో ఆడికి ఇల్లు కట్టీసినావు. ఆడెక్కడికని ఎల్తాడు? ఆ ఇళ్ళల్లో ఎవులు పెడతారు ఆడికి?"

కేకలేస్తే బాగుండేది. ఒలిచిన కందిగింజల గిన్నెని అలాగే తీసి పక్కన పెట్టేసింది. ఆ పూట అన్నానికి లేవలేదు. నాన్న డ్యూటీ నుంచొచ్చి సంగతి విని, "అది ఉట్టి కాయితమే అమ్మా" అన్నాడు.

"గోడ మాత్రం ఉట్టి మట్టి గాదేటి? మట్టిలోకొచ్చినోడు కాయితంలోకి రాడేటి?"

నాన్న ఆమె కంచం తెచ్చి ముందు పెట్టాడు.

"అలాగని కడుపు మాడ్సుకుంటావా?"

"ఆడు ఏ గుమ్మంలోకెల్లాలో తెలీక తిరగతంటే నాను కూకుని తినాలా? ఆడికి పెట్టకుండా కొత్త కంది నానెన్నడూ ముట్టలేదు. ఇప్పుడు ఆడెక్కడున్నాడో తెలీకుండా పోనాది. అన్నం మాత్రం ఎలగ దిగతాది?"

మంగళవారం టీ నీళ్ళు తప్ప ఏమీ తీసుకోలేదు. "థోడా సా ఖా లో మామ్మా" అని నేనెంత బతిమాలినా గోడవైపు తిరిగి కూర్చుంది. కస్తూరమ్మ గారు పెరుగన్నం కలుపుకొచ్చి చేతికిస్తే దణ్ణం పెట్టి తిరిగిచ్చేసింది. బుధవారం షాపులో కూర్మారావు గారికి చెప్పాను. చెప్తూ ఏడ్చేశాను కూడా.

"ఏటమ్మా శ్వేతా, ఇప్పుడా చెప్పడం? రేపు ప్లేట్లు! మిత్రమండలికి మాటిచ్చీసినాను. డిసెంబరు సగమయ్యాక నాకు దేవుళ్ళు కూడా దొరకరు" అని అరిచారు. తరువాత గొంతు తగ్గించి, "పెద్దావిడికి నువ్వే నచ్చచెప్పుకో" అన్నారు.

నచ్చచెప్పడానికి నా దగ్గరేముంది? ఇంటికొచ్చేసరికి మామ్మ పెదాలు ఎండిపోయి ఉన్నాయి. డెబ్బై దాటిన మనిషి. ఆమెకేమైనా అయితే నా చేతులతో నేనే చేసినట్టు. నిద్ర పట్టలేదని వేరే చెప్పక్కర్లేదు.

గురువారం పొద్దున్న మామ్మ లేవబోయి గోడ పట్టుకుని నిలబడిపోయింది. నాన్న చూశాడు. జ్వరమొచ్చినా డ్యూటీ మానని మనిషి, టిఫిన్ డబ్బా కింద పెట్టి వీధిలోకెళ్ళి ఆటో తెచ్చాడు. "నడమ్మా. ఆ మిషనెక్కడుందో, అందులో నాన్న ఎక్కడున్నాడో నువ్వే సూసుకో" అన్నాడు. తాతని ఆయన 'నాన్న' అనడం చాలా ఏళ్ళకి విన్నాను.

షాపులో తిరిగే కుర్చీలో మామ్మని కూర్చోబెట్టాం. కుర్చీ కదిలేసరికి రెండు చేతులతో బల్ల పట్టుకుంది. కూర్మారావు గారు మంచినీళ్ళు ఇవ్వబోతే వద్దంది.

"బాబూ, మీ అయ్యున్నాడా?"

"లేడమ్మా. పోయి ఆరేళ్ళయింది."

"ఆడికి పెడతన్నావా?"

"పెడతన్నానమ్మా, ఏటా. మా ఇంట్లోనే."

"మూడేల ఇళ్ళల్లో నీకు పెడతామురా అని ఆడికి కబురెట్టి, ఆడు ఆశగా వత్తే, ఒక్కింట్లోనూ మెతుకు పెట్టకపోతే ఎలగుంటాది?"

కూర్మారావు గారు నీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టేశారు. తరువాత మేకుకి వేలాడుతున్న స్కూటరు తాళం తీసుకున్నారు. "ప్లేట్లు మధ్యాన్నం గానీ మొదలెట్టరు. సీడీ నేను పట్టుకొచ్చేస్తాను" అని బయటికి వెళ్ళిపోయారు. ఆ స్కూటరు చప్పుడు విన్నాక, సోమవారం నుంచి బిగపట్టిన ఊపిరి సగం వదిలాను.

మిగతా సగం మామ్మ చేతిలో ఉంది.

"ఇప్పుడు సెప్పు. ఆడెక్కడెక్కడున్నాడు?"

కెమెరాలో ఉన్నాడు. కంప్యూటర్లో ఉన్నాడు. కెమెరా కార్డు ఖాళీ చేశాను. ఫోటోలున్న ఫోల్డరు తెరిచి, మామ్మ చూస్తుండగా ఒక్కోటీ తీసేశాను.

"తీసీసినావు సరే. తీసినోడు ఎక్కడికెళ్ళినాడు?"

"రీసైకిల్ బిన్‌లోకి."

"అంటే?"

"అంటే... చెత్తబుట్ట, మామ్మా."

"ఓలమ్మో! మీ తాతని సెత్తబుట్టలో ఏసినావా?"

వెనక నించున్న నాన్న ఫక్కున నవ్వేశాడు. నవ్వినందుకు నాలిక కరుచుకున్నాడు. మామ్మ మాత్రం నవ్వలేదు, "ముందు ఆణ్ణక్కడ నుంచి తియ్యి" అంది. బుట్ట ఖాళీ చేసి చూపించాను. ఇంకెక్కడా లేడు కదా అని మూడుసార్లు అడిగింది. అడిగిన కొద్దీ నాకు గుర్తొచ్చాయి, సర్వీసింగుకి ముందు దాచిన కాపీ ఒకటి, ఫ్లాపీలో ఒకటి. ఇన్ని చోట్ల ఉంచానని నాకే తెలియదు.

చివరికి అసలు ఫైలు తెరిచాను. స్క్రీను నిండా గోడ కనబడింది.

"ఈణ్ణి లేపగలవా?" అంది తాత మీద వేలు పెట్టి.

ఒక నొక్కు నొక్కాను. గొడుగుతో సహా తాత లేచిపోయాడు. చుట్టూ ఆటగాళ్ళు, నెమళ్ళు, రైలు అలాగే ఉన్నాయి. మామ్మ ముందుకి వంగింది.

"మిగతావోలు సెదరలేదే!"

"ఒక్కొక్కరిని ఒక్కో పొర మీద పెట్టాను. పొర మీద పొర."

"పొరలా?" మామ్మ ఆలోచించింది. "మన గోడకీ అంతేగదా. ఏటా ఓ పూత. కింద పూతలో పాతిల్లు అలగే ఉంటాది. అయితే ఇదీ గోడేనే. తెలివైన గోడ."

అప్పటి నుంచి ఆమెకి కంప్యూటరంటే భయం పోయింది, నాకు ఆమెంటే భయం పట్టుకుంది. ప్రతిదానికీ ఆమె దగ్గర ఒక పద్ధతుంది. కంచె ఆఖర్న గీశానని తెలిసి, "ఇల్లు కట్టకుండా మనుషుల్నెక్కడ దింపినావే?" అని మొదట్నించీ మళ్ళీ మొదలుపెట్టించింది. నెమళ్ళని ఎన్నయినా కాపీ కొట్టుకోమంది, అవి ఎవరి సొత్తూ కావు. కోతులు రెండే చాలంది, ఎక్కువైతే పంట మిగలదు. ఆటగత్తెల దగ్గర మాత్రం ఒప్పుకోలేదు.

"ఒకర్తినే పదిమందిగా నిలబెడితే అది ఆటవుతాదేటి? పక్కనున్నదాని సెయ్యి పట్టుకోవాలగదా. తన సెయ్యి తనే పట్టుకుందిక్కడ."

నిజమే. దగ్గరగా చూస్తే ఆ పదిమందీ ఒకే వంపుతో, ఎవరికి వారే నిలబడి ఉన్నారు. వారం రోజులుగా నాకు కనబడని సంగతి. పదిమందినీ విడివిడిగా గీశాను. ఒకర్తె పొట్టి, ఒకర్తె కొంచెం వంగినది, ఒకర్తె నడుమున బిడ్డ. మౌసు వణికి గీత వంకరపోతే చెరపబోయాను. "ఉండనీ. అది ముసిల్ది" అంది.

పన్నెండు పేజీల్లోనూ నడుమ ఖాళీ మిగిలింది. నెమలి పెట్టనా అన్నాను.

"వద్దు. అలగే ఉంచు. ఎవులింటికెళ్తే ఆళ్ళ పెద్దోలొచ్చి కూకుంటారు."

ఆ ఖాళీతోనే కేలండరు అచ్చయింది. సీతారామరావు గారు మొదట ముఖం చిట్లించారు గానీ, కూర్మారావు గారు అంతా చెప్పాక, "మా నాన్నగారి ఫోటో సరిగ్గా ఆ చోటంతే ఉంటుంది" అని ఊరుకున్నారు. జనవరిలో నేను చూసిన ఇళ్ళల్లో కొందరు ఆ చోట గ్యాసు బుక్ చేసిన తేదీలు రాసుకున్నారు. కస్తూరమ్మ గారు మాత్రం వాళ్ళాయన పాస్‌పోర్టు సైజు ఫోటో మైదాపిండితో అంటించి, పన్నెండు నెలలూ పేజీ తిప్పినప్పుడల్లా ఊడదీసి మళ్ళీ అంటించారు.

కానీ అదంతా తరువాత. ఆ గురువారం ఒంటిగంటకి కూర్మారావు గారు సీడీతో తిరిగొచ్చారు. "ఇదొక్కటేనమ్మా వాళ్ళ దగ్గరుంది. వాళ్ళ మిషన్లోకి ఇంకా ఎక్కించలేదు. నా కళ్ళతో చూసొచ్చాను" అన్నారు.

"ఇందులోంచి తియ్యి" అంది మామ్మ.

"సీడీలో రాసింది చెరగదు మామ్మా" అన్నాను. కూర్మారావు గారు విరిచెయ్యబోయారు.

"ఆగు బాబూ! లోపల మనిషుంటే ఇరగ్గొడతావేటి?" ఆయన చేతిలోంచి తీసుకుని కొంగులో చుట్టుకుంది. ఆటోలో ఇంటికొచ్చేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.

ఇంట్లో నాన్న తెర కొక్కెం మీంచి తీసి మంచం మీద పడేశాడు. ఒలిచిన కందిగింజలు తనే ఉడకబెట్టాడు. మామ్మ గోడ కింద ఆకు వేసి కంది పెట్టి, పక్కన ప్రూఫు కాగితాలూ సీడీ పెట్టింది. దీపం వెలుగు సీడీ మీద పడి గోడంతా రంగులు తిరిగాయి.

"ఇక్కడే ఉన్నావు. మరెక్కడా నేవు. గుంట తెలీక సేసింది, మనసులో ఎట్టుకోకు" అంది తాతతో, ఎదురుగా కూర్చున్న మనిషితో చెప్పినట్టే. "ఇల్లు బాగుందా? ఏటైనా తక్కువైందా? సెప్పు."

చిటికెడు బియ్యం నా అరచేతిలో వేసింది. మామ్మ పద్ధతి అది. జతలు జతలుగా లెక్కపెట్టాలి, ఒంటిగింజ మిగలకపోతే ఆయనకి సమ్మతం. నేను లెక్కపెట్టాను. ఒంటిగింజ మిగిలింది.

"కోపమొచ్చిందా తాతకి?"

"కోపం గాదు. ఏటో తక్కువైందంటన్నాడు." మామ్మ గోడంతా పరకాయించి చూసింది. రైలుంది, సైకిలుంది, విమానముంది. నాన్న కూడా వచ్చి పక్కన కూర్చుని చూశాడు.

"శ్వేత నేదమ్మా ఇందులో" అన్నాడు నాన్న.

మామ్మ నావైపు తిరిగింది. పిండిగిన్నె నా ముందుకి జరిపి, వెదురు పుల్ల నా చేతికిచ్చింది. ఇన్నేళ్ళలో ఆ పుల్ల ఎవరి చేతికీ ఇవ్వలేదు. "నువ్వే గీసుకో. ఆ పెట్టె ముందు కూకున్నట్టు."

విమానం కింద కాస్త చోటుంది. అక్కడ ఒక మనిషిని గీశాను. రెండు త్రికోణాలు, ఒక తల, ఒక జడ. ముందు నాలుగు పలకల పెట్టె. పిండి నీళ్ళనీళ్ళగా ఉండి ఒకచోట గీత కిందికి కారింది. చెరపడానికి అక్కడ ఏ మీటా లేదు, నేనూ వెతకలేదు.

మామ్మ మళ్ళీ చిటికెడు బియ్యం వేసింది. రెండు, నాలుగు, ఆరు... పద్దెనిమిది. ఏమీ మిగల్లేదు. నమ్మకం కుదరక మరోసారి లెక్కపెట్టాను. అవే పద్దెనిమిది.

"బాగుందట" అంది మామ్మ. గోడకి జారబడి కాళ్ళు చాపుకుంది. "సూరీ, కంచం పెట్టు."

నాన్న అన్నం మీద వేడి కంది వేసి తెచ్చాడు. మామ్మ కలిపి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. మేమిద్దరం ఆమె దవడలనే చూస్తున్నాం. నమిలింది, మింగింది.

"ఉప్పెయ్యలేదేట్రా?"

నాన్న ఉప్పు డబ్బా కోసం ఒక్క ఉదుటున వంటింట్లోకి పరిగెత్తాడు. నేను మామ్మ ఒళ్ళో తలపెట్టి ఏడ్చాను. ఆమె ఎడం చేత్తో నా తల నిమురుతూ, కుడి చేత్తో తింటూనే ఉంది.